తాళాలక్క చూడని ఫొటోలు

ఆ ఫొటో స్టూడియోలో ఆవిణ్ణి అందరూ తాళాలక్క అంటారు. ఓనరు కూడా అలాగే అంటాడు, ఆయన ఆవిడకంటే ఏడేళ్ళు పెద్ద. కంప్యూటర్ మీద ఫొటోల రంగులు సరిచేసే ఆయన అంటాడు. కొరియర్ తెచ్చే మనిషీ అంటాడు. కన్నవాళ్ళు పెట్టిన పేరొకటి ఉండాలి కదా అంటారా, ఉంది, జీతం కాగితం మీద. ఈ మూడేళ్ళలో దాన్ని నోరారా పలికినవాళ్ళు మాత్రం అక్కడ లేరు.

ఆవిడ చేసే పని చెప్తాను. ఆల్బమ్ కుట్టించి చేతిలో పెడితే అయిపోయే రోజులు పోయాయి. ఇప్పుడు ఫొటోలన్నీ ఇంటర్నెట్‌లో ఓ గ్యాలరీలా పెట్టాలి, దానికి పాస్‌వర్డ్ వెయ్యాలి, ఆ ఇంటివాళ్ళు రాసిచ్చిన లిస్టు చూసుకుని ఒక్కొక్క ఫోన్‌కీ లింకూ పాస్‌వర్డూ పంపాలి. లిస్టులో నంబరు లేనివాళ్ళు ఎంత దగ్గర చుట్టమైనా సరే, బతిమాలినా సరే, ఇవ్వకూడదు. గ్యాలరీ నలభై అయిదు రోజులుండి దానంతటదే పోతుంది. ఈలోగా తెరుచుకోవట్లేదని ఫోన్ చేసేవాళ్ళకి ఓపిగ్గా చెప్పాలి. ఓపిగ్గా అన్నది ఓనరు పెట్టిన షరతు, ఆవిడ స్వభావం కాదు.

పాస్‌వర్డ్ అంటే ఆవిడకి ఎంత పట్టింపో చూడాలి మీరు. ఎవరన్నా ఒకటి రెండు మూడు నాలుగు అని రాస్తే చాలు, ఫోన్ చేసి మరీ దులిపేస్తుంది. ఇంటికి తాళం వేసి చెవి తాళానికే వేలాడదీసి వెళ్తారా మీరు అని అడుగుతుంది. కస్టమర్లు నొచ్చుకుంటున్నారని ఓనరు గొణిగితే, తిట్టకుండా ఉండటానికి ఓ ఉపాయం చేసింది. ఫారంతో పాటు ఇచ్చే చిన్న కాగితం ఒకటి తనే టైపు చేసింది. పిల్లల పేర్లు వద్దు, పుట్టిన తేదీలు వద్దు, మీ ఇంట్లో వాళ్ళకి బాగా తెలిసి, ఇప్పుడు ఎవరూ పలకని మాట ఏదైనా ఉంటే అది పెట్టుకోండి, అని అందులో ఉంటుంది.

దాంతో జనం ఎక్కడెక్కడి మాటలో తవ్వితీసి పెట్టేవాళ్ళు. పాతింటి కుక్క పేరు, తాతగారి ఊతపదం, చిన్నప్పుడు ఎవర్నో ఏడిపించిన వంకర పేరు. ఒకాయనైతే బుర్ర గోక్కుని గోక్కుని చివరికి "తెలీదు" అని రాశాడు. అదే పాస్‌వర్డ్. ఇంక చూస్కోండి. వాళ్ళ బావ ఫోన్ చేసి పాస్‌వర్డ్ ఏంటి అంటే ఈయన తెలీదు అన్నాడట. ఫొటోలు తీయించుకున్నది నువ్వు, నీకే తెలీదంటావా, చూపించడం ఇష్టం లేకపోతే లేదని చెప్పు అని ఆ బావగారు అలిగి కూర్చున్నాడు. ఆ రెండిళ్ళనీ కలపడానికి తాళాలక్కకి ఒక పూట పట్టింది. ఆ కథ చెప్పి స్టూడియోలో నెల రోజులు నవ్వుకున్నారు.

నవ్వు అక్కడితో సరి. సాయంత్రం ఆరింటికి బస్సెక్కి, టైర్ల దుకాణం పైనున్న రెండో అంతస్తులో ఒంటి గదిలోకి వచ్చి పడితే, మళ్ళీ పొద్దున్న దాకా ఆవిడతో మాట్లాడే దిక్కు లేదు. స్టూడియోలో రోజుకి నలభై మంది ఫోన్ చేస్తారు. నలభై మందికీ వాళ్ళ వాళ్ళ మొహాలు చూసుకోవాలన్న ఆత్రమే గానీ, మీరెలా ఉన్నారండీ అని అడిగే పని ఎవరికుంటుంది? ఆదివారం సాయంత్రానికి గొంతు బిగుసుకుపోయేది. అందుకని కిటికీ దగ్గర నిలబడి కింద టైర్ల దుకాణం బోర్డు పైకే చదువుకునేది. నవ్వొస్తుందా? ఒంటరిగా ఉన్నవాళ్ళెవర్నైనా అడగండి, ఇంతకంటే పిచ్చి పనులు చెప్తారు.

ఆవిడ మొదట్నుంచీ ఇలా లేదు. అంతకుముందు వేరే ఊళ్ళో ఇరవై ఎనిమిదేళ్ళు టైపు నేర్పింది. పెళ్ళయిన తొమ్మిదేళ్ళకే భర్త జబ్బు చేసి పోయాడు. పిల్లల్లేరు. రెండు వీధుల అవతల చెల్లెలుండేది. చెల్లెలు నర్సు, ఓ వారం పగటి డ్యూటీ, ఓ వారం రాత్రి డ్యూటీ. మరి చంటిదాన్ని ఎవరు చూడాలి? ఇంకెవరు, ఈవిడే. టైపు మిషన్ల మోతలో బల్ల కింద దుప్పటి పరిచి పడుకోబెట్టేది. ఆ మోత ఆగితే ఆ పిల్ల లేచి ఏడ్చేది, మోత ఉంటే హాయిగా నిద్రపోయేది. దానికి పెద్దమ్మా అనడానికి నోరు తిరగలేదు, పెప్పమ్మా అంది. ముద్దుగా ఉంది కదాని ఇంటిల్లిపాదీ అదే పిలుపు పట్టుకున్నారు. చెల్లెలి మొగుడు ఆటపట్టిస్తూ పిలిచేవాడు, మేనమామలు పిలిచేవాళ్ళు, చివరికి చెల్లెలు కూడా అక్కా అనడం మానేసి పెప్పమ్మా అనేది. పిల్ల పెరిగి పెద్దదై, ఉద్యోగం తెచ్చుకున్నాక కూడా ఆ పిలుపు అలాగే ఉంది.

ఆరేళ్ళ కింద ఆ పిల్లకి పెళ్ళి కుదిరింది. ఉంగరాలు మార్చుకున్న రోజు పెప్పమ్మ సంబరం ఇంతా అంతా కాదు. కొత్తగా కొన్న ఫోన్‌తో ఎనభై రెండు ఫొటోలు తీసింది. ఇంటికొచ్చి కాళ్ళు చాపుకుని కూర్చుని వాటిని ఇంటర్నెట్‌లో పెట్టబోతే, ఎవరికి చూపించాలి అని ఫోన్ అడిగింది. నాకు మాత్రమే, స్నేహితులకి, అందరికీ అని మూడు బటన్లు. ఆవిడకి స్నేహితులెవరున్నారు? చుట్టాలకి చూపించాలి. మన ఇళ్ళల్లో అందరికీ చెప్పావా అంటే ఏమిటి అర్థం? మనవాళ్ళందరికీ అనే కదా. అందరికీ వడ్డించారా అని అడిగితే దారిన పోయేవాళ్ళకి కూడా వడ్డించారా అని కాదు కదా. ఆవిడా అలాగే అనుకుంది. అందరికీ అన్న బటన్ నొక్కి, నిశ్చింతగా పడుకుంది.

తెల్లారేసరికి పుట్టి మునిగింది. ఎవరెవరో ముక్కూమొహం తెలియనివాళ్ళు ఆ పిల్ల ఒళ్ళూ రంగూ గురించి రాతలు రాశారు. మేం మా పెద్దవాళ్ళకి చెప్పుకోకముందే లోకమంతా చూసిందని పెళ్ళికొడుకు వైపువాళ్ళు మొహాలు ముడుచుకున్నారు. మూడు వారాలు తిరక్కుండా సంబంధం వెనక్కి పోయింది. కారణం అదేనా, వాళ్ళ మనసులో ఇంకేమైనా ఉందా, ఎవరికి తెలుసు? ఫొటోలు తీసేసింది గానీ అప్పటికే అవి ఎక్కడెక్కడికో పాకిపోయాయి. ఊరి మధ్య ఓ బ్యూటీ పార్లర్ వాళ్ళు ఆ పిల్ల మొహాన్ని నిలువెత్తు బోర్డు చేసి తలుపు పక్కన నిలబెట్టారు. రోజూ ఆఫీసుకి ఆ దారినే వెళ్ళాలి ఆ పిల్ల. రెండు నెలలు తలొంచుకుని వెళ్ళి, ఇంక వల్లకాక ఉద్యోగం మానేసింది.

ఆ రోజే తప్పయిందే అనుంటే ఏమయ్యేదో. అనలేదు. ఆవిడకి రోషం ఎక్కువ. నాకేం తెలుసు, అందరికీ అనుంది, నొక్కాను, నేనేమైనా దాని చెడు కోరానా అని ఎదురు మాట్లాడింది. ఒకసారి కాదు, చెల్లెలు ఏడ్చిన ప్రతిసారీ అదే మాట. చివరికి చెల్లెలు ఏడుపు ఆపేసింది. మా ఇంటి తలుపు నీకెప్పుడూ తీసే ఉంచాం, నువ్వు దాన్ని వీధికి తీశావు, ఇంక మూసేస్తున్నాను, ఏమనుకోకు అంది. గట్టిగా కూడా అనలేదు. ఆ ఏమనుకోకు అన్న మాట ఇప్పటికీ గుర్తొస్తే తాళాలక్కకి అన్నం సయించదు.

తర్వాత మూడేళ్ళకి టైపు ఇన్‌స్టిట్యూట్ మూతపడింది. ఆ ఊళ్ళో ఆ రెండు వీధుల దూరం నడవలేక, మానలేక, ఈ ఊరొచ్చేసింది. ఫొటోలకి పాస్‌వర్డ్‌లు వేసే పనుందని ఎవరో చెబితే జీతం ఎంతని కూడా అడక్కుండా చేరిపోయింది. ఎందుకంత ఇదిగా చేస్తావక్కా ఈ పని అని కంప్యూటరాయన అడిగితే, ఊరికే అనేది.

అదుగో, అలాంటి తాళాలక్క బల్ల మీదికి ఓ మంగళవారం పొద్దున్న ఒక ఫారం వచ్చింది. పసిబిడ్డ ఫొటోలు, అరవై నాలుగు. ఫొటోగ్రాఫరమ్మ ఇంటికి వెళ్ళి తీసుకొచ్చింది. బాబు, ఇరవై రెండు రోజులవాడు. తల్లి పేరు దగ్గరికొచ్చేసరికి ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. ఇలాంటి పేర్లు లోకంలో ఎన్ని లేవు అనుకుంది. కిందికి చూస్తే, అవసరమైతే చెయ్యాల్సిన రెండో నంబరు అని చెల్లెలి ఫోన్ నంబరు. ఆరేళ్ళుగా నొక్కబోయి మానేసిన నంబరది, పొరపాటు పడే ప్రశ్నే లేదు. ఆ పిల్లకి పెళ్ళయిందన్న సంగతే ఆవిడకి అప్పుడు తెలిసింది. అడ్రసు చూస్తే ఇదే ఊళ్ళో అవతలి కొస. అత్తారిల్లు ఇక్కడే అన్నమాట. ఇన్నాళ్ళూ ఒకే ఊళ్ళో ఉంటూ ఆవిడకి ఆ సంగతి తెలీదు, ఆ పిల్లకి ఈవిడ సంగతి తెలీదు.

ఫొటోగ్రాఫరమ్మ వెళ్తూ వెళ్తూ చెప్పింది, ఆ బాలింతకి ఫొటోలంటే మహా భయం అక్కా, ఇంట్లో ఫోన్‌తో ఒక్కటీ తీయనివ్వలేదట, ఎవరికీ పంపలేదట, పాస్‌వర్డ్ వేస్తామంటేనే ఒప్పుకుంది అని. తాళాలక్క తలూపింది. తర్వాత ఫారంలో పాస్‌వర్డ్ అన్న చోట చూసింది. ఇంగ్లీషు అక్షరాల్లో పెప్పమ్మ అని రాసుంది.

ఆవిడ కుర్చీలో సర్దుకుని కూర్చుంది. అంటే ఆ పిల్ల నన్ను మర్చిపోలేదు, కన్నబిడ్డ ఫొటోలకి నా పేరు పెట్టుకుంది అనుకుంది. ఆ ఊపులోనే లిస్టు తీసింది. ముప్ఫై ఒక్క నంబర్లు. మొదటిసారి గబగబా చూసింది, రెండోసారి వేలు పెట్టి చూసింది, మూడోసారి కింద నుంచి పైకి చూసింది. ఎక్కడో మూడో వరస పిన్నిగారి నంబరు కూడా ఉంది. ఈవిడది లేదు.

అప్పుడు ఫారానికి పిన్ను గుచ్చి ఉన్న చిన్న కాగితం కనపడింది. తను టైపు చేసిందే. మీ ఇంట్లో వాళ్ళకి బాగా తెలిసి, ఇప్పుడు ఎవరూ పలకని మాట. ఆ పిల్ల బుద్ధిగా చెప్పినట్టు చేసింది, అంతే. ఇంటిల్లిపాదికీ తెలుసు, ఎవరూ పలకరు. ఇంతకంటే గట్టి తాళం ఆ ఇంట్లో ఇంకోటి దొరకదు. తాళాలక్క బాత్రూంలోకి వెళ్ళి కొళాయి తిప్పి, నీళ్ళ చప్పుడులో కాసేపు ఏడ్చింది. బయటికొచ్చి కంట్లో ఏదో పడిందని చెప్పింది. ఎవరూ అడగలేదు గానీ చెప్పింది.

గ్యాలరీ ఎక్కించక తప్పదు. ఒక్కో ఫొటో ఎక్కుతుంటే చిన్న చిన్న గళ్ళలో బొమ్మలు కనపడతాయి. ఆవిడ ఓ అట్టముక్క తెచ్చి, ఫొటోలు ఎంతవరకు ఎక్కాయో చూపించే గీత ఒక్కటి కనపడేంత మేర వదిలి, మిగతా తెరకి అడ్డం పెట్టింది. వెలుతురు కళ్ళకి కొడుతోందని కంప్యూటరాయనతో అంది. పిచ్చి మనిషి అనుకుంటారేమో. చూస్తే అడిగేదెవరు? పాస్‌వర్డ్ చేతిలో ఉంది, ఫొటోలు వేలి దూరంలో ఉన్నాయి. చూడాలని లేక కాదు, ప్రాణం కొట్టుకుపోతోంది. కానీ ఒకసారి తనది కానిది తెరిచి ఆరేళ్ళు అనుభవించింది. వాళ్ళంతట వాళ్ళు చూడమంటే తప్ప చూడనని ఆ అట్ట పెట్టినప్పుడే అనుకుంది. చూడమంటారన్న ఆశ లేదనీ ఆవిడకి తెలుసు. ముప్ఫై ఒక్క నంబర్లకీ పాస్‌వర్డ్ పంపి ఇంటికెళ్ళిపోయింది.

బుధవారం పొద్దున్నుంచీ ఫోన్లే ఫోన్లు. ఆ మాట నోటికి తెలిసినంత మాత్రాన వేలికి తెలుస్తుందా? మెసేజ్‌లో ఉన్నది ఉన్నట్టు కొట్టకుండా ఎవరికి తోచినట్టు వాళ్ళు కొట్టారు. ఒకరు ఒక్క పీతో సరిపెట్టారు, ఒకరు చివర్న హెచ్ తగిలించారు, ఒకాయన తెలుగు అక్షరాల్లోనే రాసి, రాసింది కరెక్టే కదా ఎందుకు తీయదని దబాయించాడు. తాళాలక్క తన స్టూడియో గొంతు పెట్టుకుని, పి, ఇ, పి, పి, ఎ, ఎమ్, ఎమ్, ఎ అని అప్పజెప్పింది. అక్షరాలే చెప్పింది, మాట మాత్రం పలకలేదు. అవతలున్నదంతా తన చుట్టాలే. పెళ్ళిళ్ళలో పక్కపక్కన కూర్చుని తిన్నవాళ్ళు. ఒక్కరూ ఆ గొంతు పోల్చుకోలేదు.

చిన్న మేనమామ చేశాడు. డెబ్భై దాటాయి, చెవి సరిగ్గా వినపడదు. ఇది మా మేనకోడలి పేరండీ, పాపం ఇప్పుడెక్కడుందో ఏమో, ఒంటి మనిషి అన్నాడు. పెద్ద అక్షరాలు వద్దు బాబాయిగారూ, అన్నీ చిన్నవే కొట్టండి అంది. మావయ్యని పట్టుకుని బాబాయిగారూ అనాల్సొచ్చింది, చూడండి. ఆ తర్వాత చెల్లెలి అత్తగారి వైపు ఆవిడెవరో చేసి, పసిబిడ్డ ఫొటోలకి ఆవిడ పేరు పెట్టడమేంటో, ఇంకో పేరే దొరకలేదా అని సాగదీసింది. దానికీ తాళాలక్క ఓపిగ్గానే సమాధానం చెప్పింది. ఓనరు చూసుంటే మెచ్చుకునేవాడు.

గురువారం మధ్యాహ్నం, ఓనరూ కంప్యూటరాయనా భోజనానికి వెళ్ళిన వేళ, ఫోన్ మోగింది. నంబరు చూసింది. ఎత్తకపోతే ఎవరూ ఏమీ అనరు, తర్వాత కంప్యూటరాయన చెప్పుకుంటాడు. ఆరోసారి మోగాక ఎత్తింది.

"ఫొటో స్టూడియోనాండీ? మా మనవడి ఫొటోలు తెరుచుకోవట్లేదు."

చెల్లెలి గొంతు కాస్త బొంగురుపోయింది. వయసొచ్చింది కదా. మెసేజ్ ఎక్కడో పోగొట్టుకుందట. మాట తెలుసు గానీ ఇంగ్లీషులో ఎలా కొట్టాలో తెలియడం లేదంది. కూతురికి చేస్తే పడుకుందో ఏమో ఎత్తలేదంది. మోకాలికి ఆపరేషనైంది, మంచం దిగడానికి లేదు, ఇంకా మనవణ్ణి చూడనే లేదంది. వీడియో కాల్‌లో చూపించారు గానీ సగం చెవి, సగం దుప్పటి కనపడ్డాయంది. అడక్కుండానే ఇవన్నీ చెప్పుకుపోతుంటే తాళాలక్కకి అర్థమైంది, చెల్లెలు కూడా పొద్దుట్నుంచీ ఎవరితోనూ మాట్లాడలేదని. మొగుడు ఏమయ్యాడో, పక్కన ఎవరున్నారో అడగాలనిపించింది. స్టూడియో మనిషి అవన్నీ అడగదు.

అక్షరాలు చెప్పడం మొదలుపెట్టింది. చెల్లెలు ఒక్కొక్కటే పైకి అనుకుంటూ కొట్టింది. తెరుచుకోలేదు. మళ్ళీ చెప్పింది. ఎన్ని పీలు అని అడిగింది చెల్లెలు. మొత్తం మూడు, మొదట ఒకటి, మధ్యలో రెండు అంది. అప్పుడూ తెరుచుకోలేదు.

"ఇలా కాదమ్మా. అక్షరాలు చెప్తుంటే గందరగోళంగా ఉంది. ఆ మాట ఓసారి పలకండి, వింటూ కొడతాను."

తాళాలక్క చుట్టూ చూసింది. స్టూడియోలో ఎవరూ లేరు. గొంతు సవరించుకుంది. ఎంత సవరించుకున్నా ఆ మాటకి స్టూడియో గొంతు కుదరలేదు. ఇరవై ఏళ్ళు ఆ పిలుపుకి పలికిన మనిషి దాన్ని పరాయిదానిలా ఎలా అంటుంది?

"పెప్పమ్మ."

తాళాలక్క లైను తెగిందేమో అనుకుంది. తెగితే బావుండుననీ అనుకుంది.

"నువ్వా," అంది చెల్లెలు.

"నేనే."

ఎక్కడున్నావని గానీ, ఎలా ఉన్నావని గానీ చెల్లెలు అడగలేదు. అడిగింది ఒకటే. "చూశావా వాటిని?"

"లేదు."

"నీ చేతిలోనే ఉన్నాయిగా. మూడు రోజుల్నుంచి. చూడలేదంటే నమ్మమంటావా?"

"లిస్టులో నా నంబరు లేదు."

కోపంగా అనలేదు, ఉన్న సంగతి చెప్పింది. చెల్లెలు నమ్మిందో లేదో తెలీదు. తాళాలక్కకి ఇంక దాచుకునేదేమీ మిగల్లేదనిపించింది. ఇప్పుడనకపోతే ఈ జన్మకి అనలేననిపించింది.

"తప్పయిందే," అంది. "ఆ బటన్ నొక్కినందుకు కాదు, అది తెలియక నొక్కాను. తర్వాత నాకేం తెలుసు, నాకేం తెలుసు అంటూ మీ మీదికే వచ్చాను చూడు, దానికి."

చెల్లెలు సరేననలేదు, పోనీలే అని కూడా అనలేదు. ఎదురుచూస్తే లాభం లేదని తాళాలక్క కళ్ళు తుడుచుకుని, ఫోన్ దానంతటది మొదటి అక్షరం పెద్దది చేస్తోందేమో చూడమంది. చిన్నది చేసి మళ్ళీ కొట్టమంది. అవతల గోరు టిక్కుటిక్కుమని అద్దం మీద పడటం వినపడింది. పెదవులు కదుపుతూ ఆ మాటే అనుకుంటోంది చెల్లెలు, పె, ప్ప, మ్మ అని. ఆరేళ్ళ తర్వాత ఆ నోట ఆ మాట, అదీ ముక్కలు ముక్కలుగా.

"తెరుచుకుంది," అంది చెల్లెలు. తర్వాత ఆవిడ గొంతే మారిపోయింది. "అయ్యో, ఇంత చిన్నగా ఉన్నాడేంటే వీడు."

తాళాలక్క రిసీవర్ చెవికి నొక్కిపట్టింది. ఏమీ అడగలేదు, అడిగితే ఎక్కడ పెట్టేస్తుందోనని భయం. ఎదురుగా తెర మీద అదే గ్యాలరీ పేరుంది, ఒక్కసారి నొక్కితే చాలు. ఆవిడ చేతిని ఒళ్ళో పెట్టుకుంది.

చెల్లెలు పెట్టెయ్యలేదు. తనలో తను అనుకున్నట్టే మొదలుపెట్టింది. మొదటిదాంట్లో నిద్రపోతున్నాడు. రెండోదాంట్లోనూ నిద్రే, పిడికిలి బుగ్గకింద పెట్టుకున్నాడు. మూడోదాంట్లో ఆవలింత, లోపల చిగుళ్ళు కనపడుతున్నాయి. చెవులు వాళ్ళ నాన్నవి, చేటల్లా ఉన్నాయి, పోనీలే మగాడే కదా జుట్టు పెంచుకుంటాడు. నుదుటి మీద ముడతలు, ఇప్పట్నుంచే ఎవరి మీదో కోపం, అచ్చం నీలాగే. ఆ నీలాగే అన్నది నోరు జారి వచ్చిందో, కావాలనే అందో. తాళాలక్క ఊఁ అంది. అవతల నుంచి ఊఁ కోసమే చూస్తున్నట్టు చెల్లెలు ఇంకో ఫొటోకి జరిగింది. కాళ్ళు తీశారట దగ్గర్నుంచి. చిటికెన వేలు పక్క వేలి మీదికెక్కి కూర్చుందట, మనందరికీ ఉన్నట్టే. తాళాలక్క బల్ల కింద చెప్పు విడిచి తన కాలివేలు చూసుకుంది.

ఆ మాట పాస్‌వర్డ్‌గా ఎవరు పెట్టారని అప్పుడడిగింది తాళాలక్క. అమ్మాయే పెట్టుకుంది, ఎందుకని నేనడగలేదు, అడిగితే ఏం చెప్తుందోనని అంది చెల్లెలు. ఆ తర్వాతి ఫొటోలో అమ్మాయి కూడా ఉందట, చిక్కిపోయిందట, కెమెరా వైపు చూడకుండా బిడ్డ వైపే చూస్తోందట. నవ్వుతోందా అని అడిగింది తాళాలక్క. చెల్లెలు ఫొటో పెద్దది చేసి చూసుకుంది కాబోలు.

"నవ్వుతోంది," అంది.

మెట్ల మీద ఓనరు మాట వినపడింది. భోజనాల నుంచి వచ్చేస్తున్నారు. మనుషులొస్తున్నారని తాళాలక్క చెప్పలేదు, ఊఁ కొట్టడంలో తేడాని బట్టి చెల్లెలే గ్రహించింది. నర్సు కదా, ఎవరికెప్పుడు ఇబ్బందో ఇట్టే పసిగడుతుంది.

"పది చూశాను. ఇవాళ్టికి చాలు, కళ్ళు లాగుతున్నాయి," అంది. "రేపు ఇదే వేళకి చేస్తాను. నువ్వు మాత్రం వాటిని తెరవకు."

"తెరవను."

"నీకివ్వమని అమ్మాయిని నేనడగను. అది తనంతట తను ఇవ్వాలి. ఇచ్చేదాకా తెరవకు. తెరిచావంటే నీకు చెప్పడానికి నా దగ్గర ఇంకేం ఉండదు."

తాళాలక్క సరేనంది.